హారన్ వైరు పీకిన మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మా దీవిలో మిడిల్ పాయింట్ అనే చోట ఒక రిపేరు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. లోపల నా కారు బానెట్ తెరిచి ఉంది. ఏసీ వేస్తే ఇంజను ఆగిపోవడం దాని జబ్బు. మొదట సెన్సరు పోయిందన్నారు, మార్చారు. తర్వాత పంపు అన్నారు, అదీ మార్చారు. జబ్బు మాత్రం మారలేదు. ఇప్పుడేమో "మేడమ్, సామాను చెన్నై నుంచి షిప్పులో రావాలి" అంటున్నారు. ఏ సామానయ్యా అని నేను గొంతు పెంచి అడుగుతుండగా వదిన ఫోన్ చేసింది. వదినంటే అత్త కూతురు.

"అమ్మ ఎల్లిపోనాదే" అంది.

కారు ఇమ్మంటే విప్పేశామన్నారు. ఆటో పట్టుకుని అత్త ఉండే జంగ్లీఘాట్ వెళ్లాను. దారిలో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బండి విషయంలో నన్ను ఎవరైనా మోసం చేస్తుంటే చీర కుచ్చిళ్లు ఎగదోపి ముందుకొచ్చే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె కడసారి చూపుకి వెళ్లాల్సిన రోజున కూడా నేను ఒక మాయమాటల షెడ్డు దగ్గర ఇరుక్కుపోయాను.

మా వాళ్లు తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చారు. మావయ్య డింగీ అనే చిన్న పడవ వేసుకుని వేటకెళ్తే, అత్త ఆ చేపలు అమ్మేది. మొదట్లో తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగింది. తర్వాత కొన్నాళ్లు ఆటోల వాళ్లను బతిమాలుకుంది. చేపల నీళ్లు కారతాయని ఎవరూ ఎక్కించుకునేవారు కాదు. చివరికి విసిగిపోయి, ఎవరో వాడి వదిలేసిన ఒక పికప్ వ్యాను కొనేసింది. డ్రైవింగ్ కూడా తనే నేర్చుకుంది. జెట్టీ దగ్గర మగవాళ్లు నవ్వితే, "నవ్వండ్రా. మీ సేపలు కూడా రేపు నా బండిలోనే ఎల్తాయి" అంది. అలాగే జరిగింది. హాడో వైపు క్వార్టర్లకూ, హోటళ్లకూ, గోల్ ఘర్ బజారుకూ ఆ చుట్టుపక్కల డింగీల చేపలన్నీ ఆమె బండే చేర్చేది.

రెండ్రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్లలో మొదటి బకెట్టు ఆ బండికే పోసేది. మా నాన్న చూసి, "మనకి తాగడానికి నేవు, బండికి తానమా?" అనేవాడు. "ఉప్పు తినేత్తాది అన్నా. నువ్వు ఒక పూట తానం సెయ్యకపోతే ఏటీ తుప్పు పట్టవు గదా" అనేది అత్త.

ఎంత కడిగినా ఆ బండి ఆమెను సుఖపెట్టలేదు. సంపాదించిందంతా దానికే ఖర్చయ్యేది. పొద్దున్నే జెట్టీలో చేపలు ఎక్కించాక స్టార్ట్ అయ్యేది కాదు. ఐసు కరిగిపోతుంటే అత్త స్టీరింగు మీద కొడుతూ కూర్చునేది. "బండి ఆగుతాది గానీ సేప ఆగదే గుంటా" అనేది నాతో. నేనప్పుడే ఉద్యోగంలో చేరాను. సెలవు దొరికితే ఆమె వెంట తిరిగేదాన్ని.

ఇక్కడ బండి బాగుచేసేవాణ్ని అందరూ హిందీలో మిస్త్రీ అంటారు. ఒక మిస్త్రీ సెల్ఫ్ మోటారు మార్చాడు. ఇంకొకడు బ్యాటరీ మార్చాడు. మూడోవాడు ముందు ఇద్దరూ దొంగలన్నాడు, ఆ తర్వాత వాళ్లు మార్చినవే మళ్లీ మార్చాడు. ఆడమనిషి స్టీరింగు పట్టుకుని షెడ్డులోకి రావడం చూస్తూనే వాళ్ల ముఖాల్లో వెలుగు కనిపించేది. "దీదీ, ఇంజన్ కా కామ్ హై, మీకు అర్థం కాదు" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అత్త పళ్లు కొరికేది.

ఒకరోజు అత్త నన్ను పిలిచి బానెట్ ఎత్తింది. హారన్‌కి వెళ్లే వైరు క్లిప్పు వేలితో లాగేసి, హారన్ నొక్కింది. మోగలేదు.

"ఇప్పుడు పద. ఎవడేటి సెప్తాడో సూద్దాం."

మొదటి షెడ్డులో బానెట్ ఎత్తకుండానే హారన్ కాలిపోయింది, కొత్తది వెయ్యాలన్నారు. రెండో షెడ్డులో మొత్తం వైరింగు పోయింది, బండి వారం ఉంచమన్నారు. అత్త తల ఊపి బండి తీసేది. బయటికొచ్చాక మాత్రం ఆ షెడ్డు వైపు తిరిగి తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

గోల్ ఘర్ దాటాక ఒక సందులో రేకుల షెడ్డు ఉండేది. అందులో దీవిలోనే పుట్టిన ఒక తమిళాయన పనిచేసేవాడు. ఆయన మాటల్లో హిందీ, తెలుగు, తమిళం కలిసిపోయి ఉండేవి. ఆయన హారన్ ఒకసారి నొక్కి చూశాడు, బానెట్ ఎత్తాడు, క్లిప్పు పెట్టాడు. హారన్ సందంతా దద్దరిల్లేలా మోగింది.

అత్త ముఖం విప్పారింది. కానీ ఆయన క్లిప్పు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"దీదీ, యే అప్నే ఆప్ నహీ నికల్తా. దానంతట అది ఊడదు. ఎవరో చేత్తో లాగారు."

"నానే లాగినాను భయ్యా!" అంది అత్త సంబరంగా. "నువ్వు నిజం సెప్తావో నేదో సూద్దామని. ఊరంతా తిరిగినాను. నువ్వొక్కడివే పాసయిపోనావు. ఇక నా బండి నీకే."

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేనేం పరీక్ష రాయడానికి కూర్చున్నానా దీదీ? నువ్వు నన్ను చోర్ అనుకునే వచ్చావు. కాదని తెలిసింది కదా, వెళ్లు. నీ గాడీ నేను చెయ్యను."

"అదేటి భయ్యా, నానేటన్నానని..."

"నహీ కరూంగా. చెయ్యను."

ఆయన వెనక్కి తిరిగి ఇంకో బండి కిందికి దూరిపోయాడు. అత్త కాసేపు ఆయన కాళ్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. మార్కెట్లోనూ జెట్టీలోనూ ఆమెను అలా నోరెత్తనివ్వకుండా పంపినవాళ్లను నేను చూడలేదు. బండెక్కి చాలా దూరం వచ్చాక అంది: "దొంగలందరూ దీదీ దీదీ అని కుర్చీలేసినారు. నిజాయితీ ఉన్నోడొకడు దొరికితే ఆడికి ఇంత పొగరేటే!"

ఆ పంతంతో మళ్లీ పాత షెడ్లకే వెళ్లింది. బ్రేకు సరిగా పట్టడం లేదని ఒకచోట పని చేయించింది. అంతా కొత్తదే వేశామన్నారు. వర్షాకాలం మొదట్లో, గోల్ ఘర్ దిగుడులో చేపల పెట్టెలతో వస్తుంటే బ్రేకు అస్సలు పడలేదు. అత్త గేరు తగ్గించి, బండిని పక్కనున్న మట్టిగట్టుకి ఆనించేసింది. మనుషులకు ఏమీ కాలేదు. చేపలు మాత్రం రోడ్డంతా జారిపోయాయి. నేను ఆఫీసు నుంచి పరిగెత్తి వెళ్లేసరికి ఆమె వానలో తడుస్తూ ఒక్కొక్క చేపనీ ఏరి పెట్టెలో వేస్తోంది. "దెబ్బ తగిలిందా అత్తా?" అంటే, "స్కూలు ఒదిలే ఏళే ఇది" అంది.

బండికి తాడు కట్టించి ఆ తమిళాయన షెడ్డుకే లాగించింది. గుమ్మంలో నిలబడి చెప్పింది: "ఈ పాలి నాను ముట్టుకోనేదు భయ్యా."

ఆయన ఆమె తడిసిన చీర చూశాడు, బండి ముందరి సొట్ట చూశాడు. పని చేస్తానని గానీ చెయ్యనని గానీ అనకుండా కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి, తుప్పు పట్టిన ఒక బ్రేకు పైపు ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద పైపైన నల్లరంగు పూసి ఉంది. లోపల చిల్లి. ఎవరు చేశారని ఆయన అడగలేదు, అత్త చెప్పలేదు. పైపుని మాత్రం చాలాసేపు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

అంతటితో కష్టాలు తీరాయని మేమనుకున్నాం. తీరలేదు. ఆయన బండి అంతా విప్పి, మార్చాల్సినవన్నీ చెప్పాడు. రంగు వేసిన పాత సామాను వెయ్యనన్నాడు. అసలు సామాను షిప్పులో రావాలి. సముద్రం బాగోలేదు, షిప్పు రాలేదు. వచ్చిన షిప్పులో ఆ సామాను రాలేదు. అత్త మళ్లీ తట్ట ఎత్తింది. నడుం పట్టేసేది. సాయంత్రం అయితే చాలు, షెడ్డుకి వెళ్లి అరిచేది.

"ఏదో ఒకటి ఏసి ఇయ్యి భయ్యా! నా ఏపారం పోతంది!"

"షిప్పు నాది కాదు దీదీ."

"మరి ఎప్పుడిత్తావు?"

"తెలీదు."

"రేపని అబద్ధమైనా సెప్పొచ్చు గదా!"

"అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కదా. వాళ్ల దగ్గరికి వెళ్లు."

తిరిగి వస్తూ అత్త నాతో అనేది: "మంచోడు దొరికితే బండి బాగవుతాదనుకున్నానే. ఈడు నిజం సెప్తాడు గానీ బండి ఇయ్యడు!" ఈ దీవుల్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ బాధ తెలుసు. మోసగాడైతే బండి మర్నాడే ఇచ్చేస్తాడు, నిజాయితీపరుడు మాత్రం మనల్ని షిప్పు కోసం ఎదురుచూడమంటాడు. ఏది మేలో తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి.

ఎట్టకేలకు ఒక సాయంత్రం బండి వచ్చింది. మర్నాడు తెల్లారుతూనే జెట్టీలో పెట్టెలు ఎక్కించి అత్త తాళం తిప్పబోతోంది. నాకు డ్యూటీ హాడోలో కాబట్టి నేనూ ఆ బండిలోనే పోదామని పక్కన కూర్చున్నాను. అంతలో స్కూటరు మీద ఆ మిస్త్రీ, చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా, చెయ్యెత్తి అరుస్తూ వచ్చాడు.

"దీదీ! బండి తియ్యొద్దు! రుకో!"

వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పానా పెట్టి చూశాడు. రెండు నట్లు వదులుగా తిరిగాయి. బిగించి లేచి, జెట్టీలో వేటగాళ్లందరూ చూస్తుండగా చెప్పాడు: "తప్పు నాది. నిన్న మాటల్లో పడి బిగించలేదు. పొద్దున్న మెలకువ రాగానే గుర్తొచ్చింది. ఈ పిల్ల కూడా ఎక్కుతుందని తెలుసు."

రోజూ అరిచిన మా అత్త ఇప్పుడు ఈ మనిషిని కడిగేస్తుందని నేను భయపడ్డాను. ఆమె దిగి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఛాయ్ తాగుతావా భయ్యా?" అంది.

ఆయన వెళ్లాక నాతో అన్న మాట నాకిప్పటికీ పనికొస్తోంది. "తప్పు సెయ్యనోడు ఎక్కడా నేడే గుంటా. వొచ్చి సెప్పినోడే మనోడు." ఆఫీసులో మనుషులను అంచనా వెయ్యడానికి నాకు అంతకు మించిన కొలత దొరకలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ బండిని ఆయనే చూశాడు. ఇద్దరూ కలిస్తే పోట్లాటే. ఆ మధ్య కాలం చేసిన మావయ్య మీద ఉన్న బెంగంతా కూడా ఆమె ఆ పోట్లాటల్లోనే దించుకునేదేమో అనిపించేది. నేను పాత కారు కొన్నప్పుడు అత్త నాతో వచ్చి, మ్యాట్లు ఎత్తించి, కింద ముక్కు పెట్టి ఉప్పునీళ్లలో మునిగిన బండేమోనని వాసన చూసింది. అమ్మేవాడు తెల్లబోయాడు. ఆమె చూపు ఆనినన్నాళ్లు నా కారుకి జబ్బు రాలేదు. తర్వాత ఆ మిస్త్రీ కళ్లకి శుక్లాలొచ్చి షెడ్డు మూసేశాడు. అప్పటినుంచి నేను ఊరంతా తిరుగుతూనే ఉన్నాను.

అత్త పెద్దకర్మ రోజున ఆయన వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. ఫోటోకి దండం పెట్టి, ఆకులో వడ్డించింది తిని, చెయ్యి కడుక్కుని తిన్నగా పందిరి పక్కనున్న బండి దగ్గరికి నడిచాడు. వంగి, కిందంతా చేత్తో తడిమాడు. ఎక్కడో నొక్కితే తుప్పు పెళ్లలుగా రాలింది. వదినను పిలిచాడు.

"ఈ గాడీ అయిపోయింది బేటీ. కింద ఛాసిస్ అంతా తుప్పు తినేసింది. దీదీకి చాలాసార్లు చెప్పాను, వినలేదు. నువ్వు నడపొద్దు. అమ్మెయ్యి, తుక్కుకి."

వదిన ముఖం ఎర్రబడింది. మర్నాటి నుంచి ఆ బండితోనే వ్యాపారం మొదలుపెట్టాలని తను అనుకుంటోంది. ఇంట్లో ఇంకో ఆధారం లేదు. "ఈ ఒక్క రోజయినా ఒగ్గేయొచ్చు గదా భయ్యా! ఇయ్యాలే సెప్పాలా?"

"రేపు నువ్వు బండి తీస్తావు కదా. అందుకే ఇవాళ."

చుట్టాలు గొణిగారు. ఒకరిద్దరు ఆయన మీదికి వెళ్లబోయారు. నాక్కూడా ఒళ్లు మండింది. ఆయన మీదా, ఉప్పుగాలి మీదా, ఇంత కష్టపడి బతికిన మనిషి చివరికి కూతురికి ఒక బండి కూడా మిగల్చలేకపోవడం మీదా. వదిన కొంగుతో ముఖం తుడుచుకుని, బండి వైపు తిరిగింది.

"ఒక్కసారి జెట్టీ దాకా తీసుకెల్తాను. అంతే. మరి తియ్యను."

ఆయన దారి వైపు చూసి ఆలోచించాడు. "అటు దిగుడు లేదు. మొదటి గేరులోనే. నేను పక్కన వస్తా."

వదిన తాళం తిప్పింది. బండి కదిలింది. ఆయన చెప్పులు విడిచి, డ్రైవరు వైపు కిటికీ అంచు మీద చెయ్యేసి, దానితో పాటు నడిచాడు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు లేచి వాటిని దారిలోంచి లాగేశారు. ఆయన వాళ్ల వైపు చూడలేదు. తల కొంచెం వంచి, ఇంజను చప్పుడు వింటూ, నడుస్తూనే ఉన్నాడు.