అక్సా తొలిమాట

జ్ఞానమణి టీచరుగారు ఉద్యోగం నుంచి రిటైరైంది గానీ తెలుగు నుంచి కాలేదు. పద్మారావు నగర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ స్నానానికి నీళ్ళు కాచి, ‘నీళ్ళు కాగినయ్ మేడం’ అంటే చాలు, ‘సలసలా కాగాయి అను నాయనా, నోరేం అరిగిపోదు’ అంటుంది. నరసాపురం పక్క పల్లెలో పుట్టి, రైల్వే గుమాస్తా సైలస్‌గారిని చేసుకుని సికింద్రాబాదు వచ్చి, ఒక మిషన్ బడిలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పింది. సైలస్‌గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడకు తప్పులు దిద్దడానికి ఇల్లు మాత్రం మిగిలింది.

ఆవిడకు పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. క్లాసులోకి నీళ్ళ బకెట్ తెప్పించి, ఖాళీ సీసాను అందులో ముంచేది.

“ఏమంటోంది?”

“బుడబుడ అంటోంది టీచర్!”

“పైకి ఏమొస్తున్నాయి?”

“బుడగలు!”

“చూశారా! ముందు చప్పుడు పుట్టింది, పేరు తర్వాత వచ్చింది. మనిషి చెవితో విన్నదాన్నే నోటితో పేరుగా పెట్టుకున్నాడు.”

కుతకుత ఉడికే అన్నం, తుకతుకలాడే పప్పు, సలసల మరిగే నీళ్ళు, బావిలో బుడుంగున మునిగే రాయి. నీళ్ళు మనకిచ్చినన్ని మాటలు పండితులు కూడా ఇవ్వలేదనేది. పండితులు ఒప్పుకున్నారో లేదో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అన్నేళ్ళు అరిచిన గొంతు పాడైపోవడంతో, ఇప్పటికీ రోజూ పొద్దున్నే హాల్లో వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, తల పైకెత్తి, కింది అంతస్తుకు వినబడేలా ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది.

అలాంటావిడ మనవరాలికి ఏడాదిన్నర దాటినా మాట రాలేదు. కొడుకు నతానియేల్, కోడలు అనుపమ పొద్దున్నే బేగంపేట ఆఫీసులకు పోతారు. అక్సా ఏడుపులో ‘అమ్మ’ తప్ప వేరే అక్షరం పలకదు. కంగారేమీ లేదన్నాడు డాక్టరు. కానీ ఆ తొలిమాట పలికించే హక్కు తనదేనని జ్ఞానమణి నమ్మకం. ఊరి పిల్లలందరికీ మాటలు నేర్పి, సొంత మనవరాలి దగ్గర ఓడిపోతే ఆ ముప్ఫయ్యేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

అడ్డం వచ్చింది వియ్యపురాలు విమలమ్మ. బోయిన్‌పల్లి మార్కెట్లో వాళ్ళకు హోల్‌సేల్ కూరగాయల కొట్టుంది. రోజూ వంట వేళకు ఆటో దిగేది. ముందు గాజుల చప్పుడు వినబడేది, తర్వాత మనిషి కనబడేది. పిల్లల పెళ్ళి చర్చిలోనా, ఫంక్షన్ హాల్లోనా అన్న పేచీ కూడా ఇద్దరూ మర్యాదగానే తేల్చుకున్నారు. ఈ తొలిమాట దగ్గరే బెడిసింది.

అక్సా ‘అమ్మ... అమ్మ’ అని ఏడవగానే విమలమ్మ చంకనేసుకునేది.

“ఇన్నరా వదినా? అమ్మమ్మా అంటున్నది!”

“ఏడుపు మాట కాదండీ వదినగారూ.”

జ్ఞానమణి పిల్లను స్టవ్‌కు దూరంగా ఎత్తుకుని, మరిగే నీళ్ళు చూపించి, చెవిలో ‘సల... సల’ అనేది. పిల్ల ఆవలించేది. విమలమ్మ గ్లాసునీళ్ళలో స్ట్రా పెట్టి ఊదితే చాలు, బుడబుడమన్నప్పుడల్లా అక్సా చప్పట్లు కొట్టి పడీ పడీ నవ్వేది.

“ఏంది వదినా, గింత పిల్లకు పాఠం షురూ జేసిన్రు? జెర నవ్వనియ్యిన్రి.”

బుడబుడ! తన బకెట్‌లోని మాట, తన పాఠం. అది వచ్చి విమలమ్మ స్ట్రాలో దూరింది. జ్ఞానమణి కడుపు కుతకుత ఉడికిపోయింది. అన్నానికి చెప్పిన మాట తన కడుపుకు ఎంత బాగా అతికిందో ఆ మంటలోనూ టీచరుగారికి తట్టింది. అసూయ అంటే మాత్రం ఒప్పుకోదు, భాష మీద బెంగ అంటుంది. ఆ బెంగతోనే స్ట్రాల ప్యాకెట్‌ను అటక మీద దాచింది. మర్నాడు విమలమ్మ సంచిలో కొత్తిమీరతో పాటు రెండు కట్టల స్ట్రాలు తెచ్చింది. ఆదివారం పాస్టరుగారు అసూయ గురించి ప్రసంగిస్తుంటే, ‘అయ్యో, ఇది వదినగారు వినాల్సింది’ అనుకుంది జ్ఞానమణి.

శనివారం కొడుకూ కోడలూ ఇంట్లోనే ఉన్నారు. విమలమ్మ స్ట్రా ఊదింది. అక్సా తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆవిడ ఒళ్ళో చేరింది. “బుడ్... బుడ్... అను బిడ్డా” అంటోంది విమలమ్మ. పిల్ల పెదాలు నిజంగానే కదిలాయి. జ్ఞానమణికి అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బియ్యం కడగాలంటూ వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కళ్ళు తుడుచుకుంది.

హాల్లో అక్సా చుట్టూ చూసింది. ఎవరినో వెతుకుతున్నట్టు వాష్‌బేసిన్ వైపు చూసింది. ఒళ్ళోంచి జారి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, “గళ గళ గళ్ ర్ ర్” అంది.

అనుపమ గాభరాపడింది, గొంతులో ఏదైనా ఇరుక్కుందేమోనని. నతానియేల్‌కు నవ్వాగలేదు.

“అమ్మా, త్వరగా రా! నిన్నే పిలుస్తోంది!”

జ్ఞానమణి తడిచేతులతో వచ్చింది. అక్సా రెండు చేతులూ చాచింది. నిజమో కాదో చూద్దామని నతానియేల్ తల్లిని మళ్ళీ వంటింట్లోకి పంపాడు. పిల్ల మళ్ళీ గడ్డం ఎత్తింది, అదే చప్పుడు. అనుమానం లేదు, అది నానమ్మ పేరే.

జీవితమంతా పక్కవాళ్ళ ఉచ్చారణ దిద్దిన మనిషి ఆ పేరును దిద్దలేదు. ముందు చప్పుడు, పేరు తర్వాత. పాఠంలో చెప్పినట్టే జరిగింది. కాకపోతే ఆ చప్పుడు తన పాడైన గొంతుదే. పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది, నవ్వింది.

విమలమ్మ మొహం ముడుచుకుంది.

“గది సుత మాటనేనా? గొంతు కడిగే సప్పుడు గది.”

“మాటలన్నీ అలాగే పుట్టాయండీ వదినగారూ,” అంది జ్ఞానమణి, ఎంత వద్దనుకున్నా గొంతులో గర్వం ఆగక.

సోమవారం విమలమ్మ ఆటో టిఫిన్ వేళకే వచ్చి ఆగింది. తిన్నగా వంటింట్లోకి వచ్చి, గ్లాసులో వేణ్ణీళ్ళు పోసుకుంది.

“గొంతు జెర తక్లీఫున్నది వదినా. మీరు ఉప్పెంత ఏస్తరు?”

“అయ్యో, ఉప్పు ఇప్పుడే అయిపోయిందండీ,” అంది జ్ఞానమణి. అంటూనే, నిండుగా ఉన్న ఉప్పు డబ్బాను మెల్లగా కందిపప్పు డబ్బా వెనక్కి జరిపింది.