ఆరతి ముందర తిప్పిన స్క్రూ

నా కుడిచేతి మణికట్టు లోపలి పక్క ఒక మచ్చ ఉంది. చూసినోళ్లంతా ఇంజను కాలిందా అని అడుగుతారు. అవునంటా. కాలింది, కానీ కాలాల్సిన దినం కాల్లేదు. మూడు దినాలు ముందే ఆ చెయ్యి కాల్చుకొని ఉంటే మా అక్క ఈ పొద్దుకీ రెండు కాళ్ల మీద నడుస్తాండేది. ఇది ఇన్నేండ్లు ఎవురికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నా. ఇంక పెట్టుకోలేను, చెప్పేస్తా.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా పదేండ్లు కాలేదు. ఆదోనిలో రైలు గేటు అవతల రేకుల షెడ్డులో నేను కార్లు, లారీలు బాగు చేస్తాంటి. అక్కను ఎమ్మిగనూరికి ఇచ్చినాం. వాళ్లవి మగ్గాల ఇండ్లు. ఇంట్లో ఉన్నది గుంతలో కాళ్లు పెట్టి తొక్కే గుంత మగ్గం ఒకటే. నూలు దొరికితే పని, ల్యాకుంటే లేదు. బావ విసిగిపోయి మగ్గం అక్క చేతిలో పెట్టి ఆదోనికొచ్చినాడు. డ్రైవింగు నేర్చుకొని ఒక పత్తి షావుకారి దగ్గర కారు డ్రైవరుగా చేరినాడు. అక్క నేసింది సగం కడుపుకు, బావ తెచ్చింది మిగతా సగానికి. ఏ ఒక్కటి పోయినా ఇంట్లో పొయ్యి రెండు పూటలా వెలగదు.

షావుకారి కారు యుద్ధానికి ముందరి ఇంగ్లీషు బండి. రోడ్డెక్కితే గుర్రం. ఎమ్మిగనూరు దాంక ఒక్క పోటున పోతాది. నిలబెడితేనే దాని రోగం బయటపడేది. కాలు తీసి స్లోలో పెడితే ఇంజను శబ్దం లేస్తాది, పడతాది, మళ్లీ లేస్తాది, ఉబ్బసం పట్టిన ముసలాయన ఊపిరి మాదిరి. నాలుగైదు సార్లు అట్లా కొట్టుకొని చివరికి చచ్చి ఊరుకుంటాది. గేటు కాడ ఆగిపోవడం, బస్టాండు కాడ ఆగిపోవడం, షావుకారు నలుగురి ముందర దిగి నిలబడడం.

బండి ఆగితే ఆగె, తోసుకోవచ్చు. కథ అది కాదు. ముందటేడు ఆయుధ పూజకు షావుకారి జిన్నింగు మిల్లులో మిషన్లతో పాటు ఈ కారుకూ ఆరతి ఇచ్చినారు. ఆ వాడిక ఎట్లంటే, ఇంజను ఆడుతాండగానే డ్రైవరు పెండ్లాం ఆరతి ఇయ్యాల, ఆ వెంటనే చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల మీద బండి పోవాల. నడుమ ఇంజను ఆగకూడదు. ఆగితే ఆ ఏడంతా కీడని వాళ్ల నమ్మకం. ముందటేడు సగం ఆరతిలో ఆగింది. ఆ ఎండాకాలమే షావుకారి పత్తి బేళ్లకు నిప్పంటుకొని కొట్టమంతా బూడిదయింది. ఆయన ఆ రెండింటినీ కలిపి ముడేసుకున్నాడు. ఈ సారి పూజలో ఆగిందంటే తాళం చెవి అక్కడే పెట్టి పొమ్మని బావకు నా ఎదురుగానే చెప్పినాడు. హొళగుంద నుంచి ఇంకో డ్రైవరును అప్పటికే మాట్లాడి పెట్టినాడని మిల్లులో అందరికీ తెలుసు.

పూజ ఇంకా మూడు దినాలుందనగా బండి నా షెడ్డుకొచ్చింది. నేను పనిదొంగను కానప్పా, ఈ ఒక్క మాట నమ్మండి. ప్లగ్గులు విప్పి మసి గీకినా. పాయింట్లు రుద్ది సందు సరిచేసినా. కార్బొరేటర్ ఊడదీసి పెట్రోలు చిమ్మే జెట్టు నోట పెట్టి ఊదితే దూది పోగు బయటికొచ్చింది. ఆదోనిలో పత్తి కాలమొస్తే గాలి నిండా దూదే గదా, కార్బొరేటర్ మూతికి పాత పంచె గుడ్డ కట్టినా ఆగదు. అదే రోగమనుకొని ఎగిరి గంతేసినా. బిగించి చూస్తే మళ్లీ అదే ఊగుడు. పెట్రోలులో నీళ్లున్నాయేమోనని ట్యాంకు వొంపి వడగట్టినా. లాభం లేదు.

ఇంక మిగిలింది ఒకటే, యాడనో దొంగ గాలి పోతాంది. కార్బొరేటర్ నుంచి ఇంజనులోకి పోయే గొట్టం అతుకుల్లో పెట్టే ప్యాకింగు అట్ట చిట్లితే, పెట్రోలుతో కలవాల్సిన దానికన్నా ఎక్కువ గాలి లోపలికి దూరుతాది. బండి జోరు మీద ఉంటే తెలీదు, స్లోలో పెడితే ఆ కాస్త గాలే ఇంజను పీక పిసుకుతాది. దాన్ని పట్టే ఉపాయం నాకు పని నేర్పిన ఉస్తాదు చెప్పే పోయినాడు. ఇంజను బాగా వేడెక్కినాక, ఆడుతాండగానే అతుకు పొడుగునా నూనె చుక్కలు ఇడుస్తా పోవాల. యాడ చుక్క పడితే శబ్దం మారుతాదో ఆడ చిల్లి ఉన్నట్టు. పైన ఇడిసినా, పక్కల ఇడిసినా. మారలేదు. అతుకు అడుగు పక్క మిగిలింది. దానికి కిందనే పొగ గొట్టం కణకణ కాలుతాంటాది. కింద పండుకొని ఆ గొట్టం సందులో చెయ్యి దూర్చాల. దూర్చినా, సుర్రుమనింది, లాగేసినా. పైన బాగుంది గదా, కింద కూడా బాగానే ఉంటాదిలే అనుకున్నా. నా బుద్ధి కాలిపోను.

సాయంత్రం ఇంజను చల్లారినాక స్టార్టు చేస్తే గుడి గంట మాదిరి నిలకడగా ఆడింది. చల్లగా ఉన్నప్పుడు ఆ చిట్లిన ప్యాకింగు మూసుకొని ఉంటాదని నాకు అప్పుడు తట్టలేదు. అయిపోయింది, బండి బాగయిందని షావుకారికి ఒట్టేసి మరీ చెప్పినా.

పూజకు ముందు దినం అక్క ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. కొత్త చీర మడత కూడా విప్పకుండా నేరుగా షెడ్డుకే వచ్చింది. బండి బాగయిందా అని అడిగితే అయిందన్నా. నా మొగంలో ఏం కనపడిందో ఏమో, నమ్మలేదు.

"ఎట్లన్నా జేసి రేపు ఆగకుండా సూడు నాయనా" అనింది. "ఆరతి అయ్యేదాంక సాలు. ఆ పైన సస్తే సావనీ ఆ బండి."

తెల్లారి మిల్లు ఆవరణలో కారును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు బానెట్టు కనపడకుండా ఏసినారు. కారు ముందర నాలుగు మూరల దూరంలో బేళ్లు దించే రాతి అరుగు ఉంది. పూజకు దానికి ఎదురుగానే నిలబెట్టినారు. బావ పొద్దున్నుంచి చుట్టాలను స్టేషను నుంచి తెస్తానే ఉన్నాడు, ఇంజను బాగా కాలి ఉంది. తప్పెట్లు మొదలైనాయి. అక్క కర్పూరం వెలిగించి పళ్లెం ఎత్తేసరికి ఇంజను ఆ దరిద్రపు ఊగుడు మొదలు పెట్టింది. లేస్తాంది, పడతాంది. షావుకారు కారు తలుపు మీద చెయ్యేసి నిలబడి నన్ను చూసినాడు. స్టీరింగు అదురు చేతికి తగిలి బావ మొగం పాలిపోయింది.

పూలదండ సర్దుతాన్నట్టు పోయి బానెట్టు పక్క రెక్క ఎత్తి, స్లో స్క్రూ అర చుట్టు లోపలికి తిప్పినా. రోగం తగ్గదు దానితో. ఇంజను జోరు పెరిగి రోగం మునిగిపోతాది, అంతే. ఊగుడు నిలిచింది. పళ్లెం చేతిలో పెట్టుకొని అక్క నా చెయ్యి వైపే చూస్తాంది. నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

బావకు చెప్పాల్సింది రెండే మాటలు. జోరు పెంచినా, నిదానం. తప్పెట్ల మోతలో ఆయనకు ఇంజను జోరు పెరిగింది వినపడే పనే లేదు. చెవి కాడ వంగి చెప్పుంటే సరిపోయేది. కానీ తలుపు కాడ షావుకారు ఉన్నాడు. చెబితే బండి బాగు కాలేదని, నా ఒట్టు అబద్ధమని ఆయనకు తెలుస్తాది. నేను రెక్క మూసి పక్కకు జరిగినా.

ఆరతి అయింది. కుడి చక్రం కింద నిమ్మకాయ పక్కకు దొర్లింది. అక్క పళ్లెం కింద పెట్టి దాన్ని సరిగ్గా పెట్టేదానికి వంగింది. దండల అవతల వంగిన మనిషి బావకు కనపడలేదు. షావుకారు పోనీమన్నాడు. ఎప్పుడూ చచ్చిపోయే బండి గదా, చావకుండా ఉండాలని బావ అలవాటు కొద్దీ ఎక్స్‌లేటర్ కొంచెం తొక్కి క్లచ్చి వదిలినాడు. నేను పెంచిన జోరు, ఆయన తొక్కిన జోరు రెండూ కలిసినాయి. బండి ఎగిరి దూకింది. రాతి అరుగుకూ బంపరుకూ నడుమ అక్క మోకాలు ఇరుక్కుంది.

తప్పెట్లు ఒక్కసారిగా నిలిచినాయి. అక్క అరుపు, దాని వెనక ఇంజను శబ్దం. బ్రేకు పడినా, రాయికి కొట్టుకున్నా ఆ ఇంజను ఆగలేదప్పా.

ఆసుపత్రికి ఆ కారులోనే తీసుకపోయినాం. బావ అక్కను ఎత్తుకొని ఎక్కితే నేను నడిపినా. వెనక సీట్లో ఆయన ఒళ్లో అక్క తల. రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి డబ్బా వెనక డబ్బా పోతానే ఉంది. ఏడాదిగా ప్రతి గేటు కాడా చచ్చిపోయే ఇంజను ఆ పొద్దు గేటు ఎత్తేదాంక ఒక్కసారి కూడా తడబడకుండా ఆడింది. నేను అద్దంలోకి చూడలేదు. చూస్తే అక్కకు, బావకు నా మొగం కనపడేది.

మరునాడు షావుకారి మనిషి కారును షెడ్డులో వదిలి పోయినాడు. తాళం చెవి బావ దగ్గర ముందు దినమే తీసుకున్నారు, ఇంజను ఆగకపోయినా. నేను స్టార్టు చేసి వేడెక్కనిచ్చి, కింద పండుకొని చెయ్యి దూర్చినా. మణికట్టు గొట్టానికి అంటుకొని తోలు కాలుతాన్న వాసన వచ్చింది, లాగలేదు. అడుగు పక్కన మూడో బోల్టు కాడ నూనె చుక్క పడంగానే ఇంజను శబ్దం మారింది. అంతే రోగం. గొట్టం విప్పితే ప్యాకింగు అడుగున వేలిగోరంత చిట్లి ఉంది. ఆస్బెస్టాస్ అట్ట కత్తిరించి కొత్తది వేసి, స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పినా. బానెట్టు మీద నిండు గ్లాసు నీళ్లు పెడితే చుక్క తొణకలేదు. గంట పని. ఆ గ్లాసును గోడకేసి కొట్టి షెడ్డు తలుపు మూసుకొని ఏడ్చినా.

అక్క కాలు పోలేదు. కానీ మోకాలు కట్టె మాదిరి బిగుసుకపోయింది, వంగదు. వంగని కాలితో గుంతలో దిగలేదు, మగ్గం తొక్కలేదు. ఆసుపత్రిలో బావ మందుకు బయటికి పోయినప్పుడు నేను అక్క మంచం కాడ కూలబడి చెప్పబోయినా. చెప్పనియ్యలేదు.

"నువ్వు తిప్పింది సూసినా లేరా. అడిగింది నేనే గదా" అనింది. "ఆయనకు మాత్రం సెప్పొద్దు. తెలిస్తే మీరిద్దరూ ఒకరి మొగం ఒకరు సూడరు. నాకుండేది మీరిద్దరే."

నేను ఒప్పుకున్నా. అక్క కోసమే అని చెప్పుకుంటా గానీ అది సగం అబద్ధం. నాకూ అదే కావాల.

బావ మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. ఎమ్మిగనూరు పోయి అక్క వదిలిన గుంతలో దిగి నేయడం మొదలు పెట్టినాడు. అక్క కాలు చాపుకొని రాట్నం కాడ కండెలు చుడతాది. రెండు సంపాదనల కాడ ఒక సంపాదన. రేషను బియ్యమో, కొర్రలో ఏదన్నా మూట కట్టుకొని నేను నెలకొకసారి పోతాంటి. నేను పోతే ఆయన సంతోషపడేవాడు. అది నాకు ఇంకా నరకం.

ఒకసారి అట్లా పోయినప్పుడు ఆయన మగ్గం తొక్కుతా తొక్కుతా నిలిపినాడు. ఎడమ కాలు గుంతలోంచి బయటికి తీసి, పాదం చేత్తో పట్టుకొని తిప్పి చూసుకున్నాడు. అది క్లచ్చి తొక్కిన కాలు. ఈ పని ఆయన దినమూ చేస్తాడని అక్క నాకు ముందే చెప్పుంది.

"నువ్వు పక్కనే ఉంటివి గదరా, నిజం సెప్పు" అన్నాడు. "నా కాలు జారిందా?"

రాట్నం తిరగడం నిలిచింది. అక్క తల ఎత్తలేదు. నా మణికట్టు మీద మచ్చ అప్పటికి మానింది. నేను దాన్ని రెండో చేత్తో మూసుకున్నా.

"జారింది బావా" అన్నా.

ఆయన తల ఊపినాడు. తనకూ అట్లే అనిపించిందన్నాడు. కాలు మళ్లీ గుంతలో పెట్టి మగ్గం తొక్కినాడు. కొంచేపటికి రాట్నం కూడా తిరిగింది. నేను తెచ్చిన మూట విప్పి వంటింట్లో పెట్టి, మధ్యాహ్నం బస్సుకు ఆదోనికి వచ్చేసినా.