అంకెల్లేని పుస్తకం, చారల జంపఖానా

మొన్న శనివారం పూజ ముగించుకుని ప్రసాదం పళ్లెంతో హాల్లోకి వచ్చేసరికి, మా అమ్మాయి కూతురు ఫోన్ చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది. సంగతేమిటే అంటే, ఇంకో పన్నెండు రోజుల్లో ఒక కొత్త ఆల్బమ్ వస్తోందట. అందులో పాడేవాళ్ళెవరూ ఉండరట. రేకుల మీద వాన, మిల్లు చప్పుడు, ఎవరో ఊపిరి తీసుకోవడం, అంతేనట. దాని వెనకే ఒక నవల కూడా వస్తోందట, మొదటిసారి చదివితే ఒక్క ముక్క అర్థం కాదని ముందుగా చదివినవాళ్ళు చెబుతున్నారట. అర్థం కాదని తెలిసి కూడా రోజులు లెక్కపెట్టుకుంటున్నావా పిల్లా అని నేను నవ్వితే, "అదే కదా అమ్మమ్మా మజా!" అంది. ఆ పిల్ల ముఖంలో నాకు మా మేనమామ కనిపించాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. పత్తి కొట్లో గుమాస్తాగా చేస్తూ, పెళ్ళి కాకమునుపు చాలా ఏళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. మాది వరంగల్లో జంపఖానాలు నేసే వాడ, ఏ ఇంట్లో చూసినా మగ్గం, దారపు నూగు, రంగు వాసన. అలాంటి చోట మామకు మాత్రం ఎక్కడా వినని సంగీతమంటే, ఎవరికీ కొరుకుడుపడని కథలంటే పిచ్చి. రాబోయే క్యాసెట్లు, అచ్చులో ఉన్న పుస్తకాలు ఒక నోటుబుక్కులో రాసుకుని, ఎప్పుడొస్తాయో చెప్పమని దుకాణాలకు కార్డులు రాస్తూ ఉండేవాడు. ఒకసారి కుండలు, గొలుసులు, రైలు కూత కలిపి ఎవరో కట్టిన సంగీతం తెచ్చి పెడితే, మా నాయన మగ్గం ఆపి, "బావమరిదీ, నీ డబ్బా టేపు నమిలిందేమో చూస్కో పో" అన్నాడు. మామ నొచ్చుకోలేదు. "ఇంకోసారి ఇను బావా" అని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

నాకు బడి రాసిపెట్టి లేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు చచ్చుబడితే నన్ను ఇంట్లోనే ఉంచేశారు. మా నాయనమ్మ రామకోటి రాసుకునేది. ఆమె పక్కన కూర్చుని పలక మీద శ్రీరామ అని దిద్దుతూ దిద్దుతూ అక్షరాలన్నీ పట్టుకున్నాను. భగవంతుడి పేరుతో మొదలైన చదువు గనకనేమో, అది నన్ను ఇప్పటివరకూ ఒంటరిని చెయ్యలేదు. మధ్యాహ్నాలు మగ్గం దగ్గర కూర్చుని ఏదో ఒక పుస్తకం పైకి చదవడం నా పని. నాయన నేస్తూ, మా పెద్దమ్మ, అంటే నాయన వాళ్ళ వదిన, రాట్నం మీద కండెలు చుడుతూ, నాయనమ్మ గోడకు ఆనుకుని వినేవాళ్ళు. పెద్దమ్మకు మాత్రం, బడిమొహం చూడని పిల్ల చేతికి మామ తన పుస్తకాలివ్వడం నచ్చేది కాదు. "కోతికి అద్దమిచ్చినట్టున్నది" అని నా ముందే అనేది. మామ ఒక్కడే నన్ను చదువుకున్న మనిషిలా చూసి, ఏది చదివినా నీకెలా అనిపించింది బిడ్డా అని అడిగేవాడు.

అతను రెండేళ్ళు ఎదురుచూసిన నవల ఒకటుంది. రాసినాయన కొన్ని కాపీలే సొంతంగా వేయించుకున్నాడట, మళ్ళీ అచ్చు వేసే ఆశ లేదట. అది టపాలో వచ్చే వేళకు మామ పత్తి కొనుగోళ్ళకని మూడు వారాలు నర్సంపేటకు పోవలసి వచ్చింది. పోతూ పోతూ, పుస్తకమొస్తే నువ్వే విప్పు, నువ్వే ముందు చదువు అని అందరి ముందూ చెప్పి పోయాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పలేను.

వచ్చింది. దేవుడి దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, మగ్గం దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. పదకొండు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం ఒక్కో కాగితాల మడత, అన్నీ కలిపి కుట్టిన పుస్తకం. పేజీలకు అంకెలు లేవు, అధ్యాయాలకు పేర్లు లేవు. మొదటి అధ్యాయంలోనే ముసలాయన చనిపోయాడు. రెండో దాంట్లో పలక పట్టుకుని బడికి పోతున్నాడు. మూడో దాంట్లో ఆయన కొడుక్కి పెళ్ళి. "సచ్చినోడు మళ్ళ బడికి పోతాండేందే?" అని నాయన, "సరిగ్గ సదువుతున్నవా, పేజీలెగరగొడుతున్నవా?" అని పెద్దమ్మ. నాకు తల తిరిగిపోయింది. ఎలాగో ఆరు రోజుల్లో పూర్తి చేశాను గానీ, ఒక్కరికీ ఏమీ అందలేదు.

అంతకు ముందు ఉగాదికి కొన్న పంచాంగంలో కార్తీకం పోయి శ్రావణానికి ముందు కూర్చుంటే, నాయనమ్మ దాన్ని విప్పించి నా చేతే వరసగా కుట్టించింది. ఇదీ అలాంటిదేననుకున్నాను. అచ్చాఫీసువాళ్ళు అంకెలు వేయడం మరిచి, మడతలు అటూ ఇటూ కలిపేశారని నాకు రవ్వంత అనుమానం కూడా లేకుండా తోచింది. పాపం మామ, రెండేళ్ళు చూసి చూసి ఇలాంటి పుస్తకం చేతికొస్తే ఎంత బాధపడతాడోనని, కుట్టు తెంపి, పుట్టుక నుంచి చావు దాకా వరస పేర్చి, దబ్బనంతో జంపఖానా దారం వేసి గట్టిగా కుట్టేశాను. మళ్ళీ చదివి వినిపిస్తే నాయనమ్మ కళ్ళొత్తుకుంది. పెద్దమ్మ కూడా, పర్వాలేదు తెలివున్నదే అంది.

మామ వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే పుస్తకం చేతిలోకి తీసుకుని, కుట్టు చూసి ఇదేమిటన్నాడు. నేను సంబరంగా చెప్పాను. అతని ముఖం అలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తారుమారు అంతా రాసినాయన కావాలని చేసిందట. ఏ అధ్యాయం తర్వాత ఏది రావాలో ఆలోచించడానికే ఆయనకు ఏళ్ళు పట్టిందట. "పాత వరస యాదికున్నదా బిడ్డా?" అన్నాడు మెల్లగా. లేదు. మొదటి మూడు తప్ప ఏదీ లేదు. మామ అన్నం ముందు కూర్చుని, ముట్టకుండానే లేచిపోయాడు. పెద్దమ్మ అనవలసినవన్నీ అంది, ఇక ఈ పిల్ల చేతికి పుస్తకమిస్తే ఒట్టు అని కూడా అంది. నేను దేవుడి గూటి ముందు కూర్చుని, నా చదువు ఇంతటితో ఆగిపోయినా సరే, మామ పుస్తకం మామకివ్వు స్వామీ అని వేడుకున్నాను.

మరునాడు పొద్దున నాయన మగ్గమెక్కి, ఎంతకీ నెయ్యడేం అని చూస్తే, నేసి చుట్టిన జంపఖానాలను కర్ర మీంచి వెనక్కి విప్పుతున్నాడు. "జర గా పుస్తకం పట్కరా" అన్నాడు. ఎర్ర పట్టె మీద చెయ్యి పెట్టి, "ఇది నేస్తున్నప్పుడు ముసలాయన సచ్చిండు. గీ పచ్చ పట్టె కాడ బడికి పోయిండు. నీలం కండె అందియ్యమంటే నువ్వు పెండ్లి కాడ ఆగినవు" అన్నాడు. ఒక్కొక్క పట్టె జరుపుతూ, ఆ రంగు నేస్తున్నప్పుడు ఏం విన్నాడో చెబుతుంటే, మామ మగ్గం పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్క మడతా పేరుస్తూ పోయాడు. నాయనకు అక్షరం ముక్క రాదు. మొదటి చదువంతా ఆయన చేతుల్లో రంగులుగా మిగిలింది.

రెండు అధ్యాయాలు మాత్రం తేలలేదు. అవి దారం అయిపోయి మగ్గం ఆగిన రోజు చదివినవి. బాయిలో నీళ్ళు ఎండిన అధ్యాయమే ముందని నాయనమ్మ, కాదు కోడలు అలిగిన అధ్యాయమని పెద్దమ్మ. "నువ్వప్పుడు కునుకుతున్నవత్తా!" "కునికినా చెవులు పనిజేస్తయే!" అని ఇద్దరూ గంటసేపు కీచులాడుకుంటే, రాత్రి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో నేను కూడా నవ్వాను. రెండు తీర్లా చదువుకుంటాలే అన్నాడు మామ.

మడతలు కుట్టి, పుస్తకం మళ్ళీ నా చేతికే ఇచ్చాడు, చదువు బిడ్డా అని. పెద్దమ్మ రాట్నం దగ్గరికి జరుపుకుని కూర్చుంది. కథంతా తెలిసి విన్నాం గనక ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. రెండో అధ్యాయంలో పిల్లవాడు పలక పట్టుకుని వాకిలి దాటుతుంటే నాయన మగ్గం ఆపేశాడు. "ఎట్ల సస్తడో ముందే ఎరికైనంక, గా పోరడు గట్ల బడికి పోతాంటే పానం గుంజుతాంది" అన్నాడు. ఆ తర్వాత చాలామంది పెద్ద చదువులవాళ్ళ మాటలు విన్నాను గానీ, కష్టమైన కథ ఎందుకు కష్టంగా ఉంటుందో నాకు అంత తేటగా ఎవరూ చెప్పలేదు.

కొన్నేళ్ళకు మా వాడలోకి కరెంటు మగ్గాలొచ్చాయి. చేతిమగ్గం చప్పుడుకు సందులుండేవి, ఆ సందుల్లోంచి నా గొంతు దూరేది. కొత్త మగ్గాలు మనిషి మాటకు చోటివ్వలేదు. పైకి చదవడం ఏ రోజు ఆగిపోయిందో కూడా నాకు గుర్తు లేదు, అలా ఆగిపోయింది. తిండికి కరువు రాలేదు, కళ్ళింకా అక్షరాన్ని పడుతున్నాయి, స్వామి నాకేం తక్కువ చెయ్యలేదు. ఇప్పటి పిల్లలకు ఎదురుచూపు తగ్గిందని కూడా నేననను, మా మనవరాలే సాక్ష్యం. కాకపోతే తను ఒక్కతే ఎదురుచూస్తుంది, ఒక్కతే వింటుంది. నేనూ అంతే, మధ్యాహ్నం పూట కొరకరాని పుస్తకమేదో ఒళ్ళో పెట్టుకుని లోలోపలే చదువుకుంటాను. ఎక్కడైనా వాక్యం మెలిక పడితే మాత్రం చప్పున ఆగి తలెత్తుతాను, ఇదేందే అని ఎవరైనా అడుగుతారేమోనని.