చిట్టెం దిబ్బ దగ్గర మంట

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. హాస్టల్లో ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలు భయపడితే, ట్యాంకు పైపులో గాలి అని చూపించి పడుకోబెట్టినదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నాకు చదువు చెప్పడం కాక ఇంకో పిచ్చి ఉంది. మా వైపు ఒకప్పుడు మట్టి కొలుముల్లో రాయి నుంచి ఇనుము తీసేవారు. ఇప్పుడు కొలుములు లేవు. ఇనుము తీశాక పారబోసిన నల్లటి గడ్డలు మిగిలాయి. వాటినే చిట్టెం అంటారు. సెలవు రోజుల్లో స్కూటీ మీద తిరిగి, నాలుగేళ్లు ఆ దిబ్బలు వెతికి ఒక వ్యాసం రాశాను. విజ్ఞాన శాస్త్ర చరిత్ర కోసమే నడిచే ఒక పరిశోధన పత్రికకు పంపాను. అచ్చయితే అది నా మొదటి వ్యాసం.

చాలా నెలలకు జవాబొచ్చింది. వ్యాసం చదివిన ఇద్దరు నిపుణుల్లో ఒకరు బాగుందన్నారు. రెండోవారు ఒకే ప్రశ్న వేశారు. గాలి ఊదే తిత్తులు కొలిమికి పడమర వైపు ఉండేవని, చేత్తో లాగేవారని రాశారు, ఆధారమేది?

ఆధారం లేదు. అది నా ఊహ. సంపాదకుడు రెండు నెలలు గడువిచ్చాడు.

శివరాత్రి వెళ్లిన వారం, ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి, రుద్రంగి దాటాక గుట్ట కింద ఉన్న దిబ్బ దగ్గరికి మళ్లీ వెళ్లాను. పక్కనే తాటిచెట్ల వరుస. కల్లు గీసే లచ్చయ్య గౌడ్ అప్పుడే నడుముకు మోకు వేసుకుని చెట్టెక్కుతున్నాడు. యాభై దాటిన మనిషి. అంతకు ముందు రెండుసార్లు చూశాను కాబట్టి పలకరించాడు.

"మళ్ల రాళ్లేరనీకె అచ్చిన్రా మేడం?"

అవునన్నాను. ఆయన పైకి పోయాడు. నేను టేపుతో దిబ్బ కొలుస్తున్నాను. ఎండ తగ్గింది. గాలి లేదు.

ముందు ముఖానికి వేడి తగిలింది. పొయ్యి మీదికి వంగితే తగిలే వేడి. ఎడమ వైపు నుంచి మాత్రమే వస్తోంది. అటు తిరిగాను. ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. గడ్డి కదలడం కూడా లేదు.

పైనుంచి లచ్చయ్య అరిచాడు.

"మేడం, ఎనుకకు జరుగుండ్రి! కాలుతది!"

"ఏం కాలుతదన్నా?"

"మంట! మీ పక్కకే ఉన్నది, కనవడుతలేదా? జరుగుండ్రి!"

నాకేమీ కనిపించలేదు. కానీ చెయ్యి భగ్గుమంది. వెనక్కి ఉరికి, చిట్టెం మీద కాలు జారి పడ్డాను. లేచేసరికి వేడి లేదు. లచ్చయ్య పట్టు తప్పి సగం చెట్టు జారి దిగాడు. ఛాతీ అంతా గీరుకుపోయి రక్తం. ఆయన తన గాయం చూసుకోలేదు. నా చేతినే చూస్తున్నాడు.

ఎడమ మోచేతి కింద వెంట్రుకలు మాడి ముద్దకట్టాయి. చర్మం ఎర్రబారింది. సిరిసిల్లలో కొన్న పాలిస్టర్ చున్నీ అంచు ముడుచుకుపోయి గట్టిపడింది. ఆ గుడ్డ వేడికి కరుగుతుందని తెలుసు. ఏ వేడికన్నది తెలియదు. దిబ్బ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఇద్దరం నీళ్లు తాగి కూచున్నాం. ఏం చూశారని అడిగాను.

"కొలిమి మేడం. మనిషంత ఎత్తున్నది, మట్టిది. కిందికెళ్లి ఎర్రగ కారుతున్నది. రెండు తిత్తులు గీ తూర్పు దిక్కుకు. కాళ్లతోని తొక్కుతున్నరు."

"కాళ్లతోనా?"

"ఔ. గసొంటిది నేనెన్నడు చూడలే."

అదే నన్ను ఎక్కువ కదిలించింది. నేను రాసింది పడమర, చేత్తో అని. ఆ మాట ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన పుట్టి పెరిగింది వీర్నపల్లి దగ్గర. ఈ వరుస గీయడానికి వచ్చి మూడేళ్లే. ఇంట్లో ఎవరూ ఇనుము పని చేసినవాళ్లు కాదు.

మర్నాడు జగిత్యాలలో డాక్టరుకు చెయ్యి చూపించాను. ఏదైనా ఆకు రసం తగిలి ఉంటుందా అన్నాను. "ఆకు రసానికి వెంట్రుకలు కాలవు మేడం. గ్యాస్ దగ్గర జాగ్రత్తగా ఉండండి" అని మందు రాసిచ్చాడు.

పొలం యజమానిని అడిగి, తర్వాతి ఆదివారం తూర్పు వైపు తవ్వాను. మోకాలి లోతులో రెండు మట్టి గొట్టాలు దొరికాయి. పక్కపక్కనే, మూతులు వేడికి గాజులా కరిగి. తిత్తుల నుంచి కొలిమిలోకి గాలి పోయే గొట్టాలు. వాటి వెనక రెండు పాదాలకు సరిపోయే రెండు గుంతలు. నాకు సంతోషం వేయలేదు. తవ్విన గోతిలోంచి బయటికొచ్చి చాలాసేపు స్కూటీ పట్టుకుని నిలబడ్డాను.

కొలతలు, ఫోటోలు పంపాను. వ్యాసం అంగీకరించారు. అచ్చుకు ముందు సంపాదకుడు ఒక్కటే అడిగాడు: అక్కడే తవ్వాలని ఎందుకు అనుకున్నారు? ఒక స్థానికుడు చూపించాడని రాశాను. అబద్ధం కాదు. నిజం కూడా పూర్తిగా రాయలేదు.

లచ్చయ్య ఆ వరుస వదిలేశాడు. పన్నెండు చెట్లు, మంచి కల్లు పారే చెట్లు. మందులకైనా ఉంచుకోమని డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

పత్రిక అచ్చయి వచ్చాక ఒక కాపీ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. కొలిమి ఎలా ఉండేదో నేను గీయించిన బొమ్మ తెరిచి చూపించాను. అద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు.

"తిత్తులు మంచిగనే గీసిన్రు. తొక్కేటామెను గీయలేదేంది?"

"ఎవరామె అన్నా?"

"చెప్పలేదా మీకు? పెద్దామె. మీరు అడ్డం నిలవడ్డరని తిత్తి తొక్కుడు ఆపింది. మిమ్ములను జరుగుమని చేత్తో సైగ జేసింది. మీరు సూస్తలేరని నేనొర్రిన."

ఆయన పత్రిక మూసి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు.

వేడికి కారణం వెతికాను, దొరకలేదు. ఆయన మాటకు కారణం వెతకడానికి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా నాకు తెలియదు.