మోరీకి పోయే నీళ్ళతో ఒక పార్కు

నేను చదివింది లాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్. అదేమిటో మా నాయన తన బట్టల దుకాణానికి వచ్చినవాళ్ళకు రెండేళ్ళపాటు వివరించి, అలసిపోయి, చివరకు "చెట్ల డాక్టరు" అని తేల్చేశాడు. ఆ లెక్కన నా చేతికి వచ్చిన మొదటి పేషెంట్లు ఎనభై మంది. ఒక్కరూ బతకలేదు.

గిద్దలూరు రోడ్డు పక్కన మా కాలనీ. లేఅవుటు వేసినప్పుడు పార్కుకని వదిలిన జాగా ఒకటుంది. మిగతా కాలనీ అంతా ఈ గేటు నుంచి ఆ గేటుదాకా సిమెంటే. ముసలివాళ్ళు నడవాలన్నా, వానచుక్క ఇంకాలన్నా మట్టి మిగిలింది అక్కడే. కాలనీ కమిటీలో సగంమందికి కార్లున్నాయి, కాబట్టి ఆ జాగాకు కాంక్రీటు పోసి రేకుల షెడ్డు వేద్దామన్నారు. నేను లేచి, నాకు ఒక్క ఎండాకాలం ఇవ్వమని అడిగాను. ఎండలు దాటేసరికి మొక్కలు నిలబడితే పార్కు, లేకపోతే షెడ్డు. ఇదీ ఒప్పందం.

కంప్యూటర్‌లో బొమ్మ గీశాను. పచ్చగడ్డి, వంపులు తిరిగిన బాట, పొగడలు, తురాయిలు, బాట మీద కుక్కను నడిపిస్తున్న ఒక తెల్లామె. ఆమె సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చింది. కమిటీ బొమ్మనంతా వదిలేసి, ఆమె ఎవరింట్లో అద్దెకుంటోందని అడిగింది.

ఎనభై మొక్కలు నాటించాను. అందరి భయమూ మేకల గురించే. అందుకని మొక్కలకు నీళ్ళు పోయడానికి రాచర్ల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దమ్మను పెట్టారు. ఆమె బతుకంతా మేకలు కాసింది. మేక ఎక్కడ దూరుతుందో ఆమెకు మేకకంటే ముందే తెలుసు. పలకల ఫ్యాక్టరీ వెనక పారేసిన రాతి ముక్కలు తెప్పించి, జాగా చుట్టూ నిలువుగా పాతించింది. ఆ కంచె దాటి ఒక్క మేకా రాలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఇక నీళ్ళు. శివరాత్రికి బోర్లు ఎండిపోతాయి, ఆ తర్వాత ట్యాంకరే దిక్కు. మా వీధి చివర, అందరం మామూ అని పిలిచే ఒక సాయిబు మంచినీళ్ళ ప్లాంటు నడుపుతాడు. బోరునీళ్ళలో ఫ్లోరైడని ఊళ్ళో అందరం టిన్నుల నీళ్ళే తాగుతాం. ప్లాంటు వెనక గొట్టంలోంచి వేస్టు నీళ్ళు కారుతుంటాయి. వాటిని కూడా వదలం. సాయంత్రమైతే బకెట్లు వరసపెట్టి, అంట్లకీ బండలు కడగడానికీ పట్టుకుపోతాం. రాత్రంతా కారేవి మాత్రం మురుగు కాలవలోకి పోతాయి. మా దగ్గర నీళ్ళు పారబోసినవాడిది తప్పవుతుంది గానీ, పట్టుకున్నవాడిది ఎప్పుడూ తప్పు కాదు. ఆ గొట్టాన్ని పార్కుకు కలుపుదామని కమిటీలో చెబితే చప్పట్లు కొట్టారు. మామూ కూడా సంతోషించాడు.

"తీసుకో బేటా, మోరీకి పోయేవే గదా" అన్నాడు.

మొదటి రోజే పెద్దమ్మ దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఊసేసింది.

"ఉప్పగుండాయి నాయనా. ఇవి మేకలు గూడ తాగవు."

"మొక్కలకు నాలుక ఉండదు పెద్దమ్మా" అన్నాను.

అయిదేళ్ళ చదువుకు ఆ ఒక్క వాక్యమే సారాంశం. చదువుకున్నవాడితో వాదించే అలవాటు ఆమెకు లేదు.

నెల రోజులు బాగానే ఉన్నాయి. నేను ఫోటోలు తీసి కాలనీ వాట్సాప్ గ్రూపుకు పంపాను, జనం చప్పట్ల బొమ్మలు పంపారు. తర్వాత ఆకుల అంచులు మాడడం మొదలైంది. ఎండ దెబ్బ అని రోగం నిర్ధారించి, నీళ్ళు రెట్టింపు చేయమన్నాను. పెద్దమ్మ నన్ను ఒకసారి చూసి, రెట్టింపు చేసింది. పదిహేను రోజులకు పాదుల చుట్టూ తెల్లటి పొర తేలింది. నాయన వచ్చి, ఎవరో సున్నం చల్లినట్టున్నారన్నాడు. పెద్దమ్మ గోటితో గీకి చూపింది.

"చవుడు నాయనా. నేల చవుడుబారింది."

అప్పుడు పోయి మామూను కూర్చోబెట్టి అడిగాను. మిషన్ మంచినీళ్ళను ఒకవైపు పంపి, ఉప్పంతా చిక్కగా చేసి రెండోవైపు వదులుతుందట. మనుషులకు పనికిరాదని తీసేసిందంతా నేను మొక్కలకు పోశాను, అదీ రెట్టింపు. ఇదంతా మాకు మూడో సెమిస్టర్‌లో ఉంది. నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి.

ఉప్పు కడిగేయాలంటే మంచినీళ్ళు పారించాలి. కమిటీని రెండు ట్యాంకర్లు అడిగాను. మే నెలలో, బిందెలు రోడ్డు మీద వరసగా ఉన్నప్పుడు, నీళ్ళు మట్టిలో పారబోస్తానన్న మనిషిని తిట్టకుండా పంపించారు. అదే మర్యాద. మామూ మాత్రం పాపం, తనది తప్పన్నట్టు ఆటోలో పది టిన్నులు పంపాడు. మా పొగడలు చివరి వారం మినరల్ వాటర్ తాగి పోయాయి.

మీటింగులో ఎవరైనా కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడలేదు. ప్రెసిడెంటు నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే నాయనా, నీ వంతు నువ్వు చేసినావు" అన్నాడు. ఆ వెంటనే, ఎటూ చదువుకున్నావు గాబట్టి షెడ్డు ప్లాను నువ్వే గీసివ్వమన్నాడు. ఎన్ని కార్లు పడతాయో కొలిచి గీసిచ్చాను. నా బొమ్మల్లో గీసింది గీసినట్టు కట్టింది అదొక్కటే.

పెద్దమ్మ ఎండిన మొక్కలన్నీ పీకి మోపు కట్టి పొయ్యికి పట్టుకుపోయింది. కాంక్రీటు పోసిన మర్నాడు, దాన్ని పది రోజులు తడపాలని మేస్త్రి చెప్పాడు. మామూ ప్లాంటు గొట్టం పక్కనే ఉంది కదా, దాంతో తడుపుదామని కమిటీలో ఒకరన్నారు.

"ఉప్పునీళ్ళు పోస్తే సిమెంటు చెడిపోతది సార్, ట్యాంకర్ తెప్పీండి" అన్నాడు మేస్త్రి.

మధ్యాహ్నానికల్లా ట్యాంకర్ వచ్చింది. పది రోజులూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెద్దమ్మే ఆ మంచినీళ్ళతో తడిపింది. సిమెంటు బాగా పట్టింది.