మూత మిగిలిన పెట్టె

మా ఎదురింటి టీచర్ గారు పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చికని చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే వెళ్ళిపోయారు. వాళ్ళ కోడలు పరుగున వచ్చి "ఆంటీ, అత్తయ్య పలకట్లేదండీ" అంటే నాకు వెంటనే అర్థం కాలేదు.

నూజివీడులో చాలామంది ఆడపిల్లలకి ఆవిడ క్రాఫ్టు టీచరు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు. రిటైరయ్యాక కూడా పని మానలేదు. మామిడి సీజను అయ్యాక ఆగిరిపల్లి తోటల్లో మిగిలిన అట్టపెట్టెలు తెప్పించుకుని, విప్పి, మంచం కింద పరిచి దాచేవారు. వాటికి కాగితమో గుడ్డో అంటించి ఫైళ్ళు, గాజుల పెట్టెలు చేసేవారు. ఆ గదిలో ఎప్పుడూ ఉడికిన మైదా జిగురు వాసన, దాని అడుగున కొంచెం మామిడిపండు వాసన.

మా అమ్మ పోయాక తన నేత చీర ఒకటి నా దగ్గర ఉండిపోయింది. చాలావరకు చిరిగిపోయింది. బాగున్న భాగం ఒక పెట్టెకి అంటించి, అందులో అమ్మ కళ్ళజోడు దాచుకోవాలనుకున్నాను. కొలతలన్నీ రాసుకుని, పెన్సిలు, స్కేలు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"ఇంజనీరమ్మ వచ్చిందండోయ్" అన్నారు.

అన్ని కొలతలు వేసుకున్నదాన్ని, కాగితానికి పూసినట్టే గుడ్డకి జిగురు పూసేశాను. నేతలోంచి జిగురు పైకి ఊరి, లేత పసుపు రంగు చీర ముక్క మీద మురికి మచ్చ పడింది. నాకు ఏడుపొచ్చేసింది.

"గుడ్డకి కాదే, అట్టకి పుయ్యాలి. పల్చగా. కాసేపు ఆగి అప్పుడు గుడ్డ పరచాలి."

"మచ్చ పోతుందా అండీ?"

"పోదు. అడుక్కి వేసేద్దాం. పెట్టె తిరగేసి చూసేదెవరే, నువ్వు తప్ప?"

ఏడుస్తూనే నవ్వాను.

నాలుగు పక్కలూ దగ్గరుండి చేయించారు. లోపల కూడా కాగితం వేయమన్నారు. "ఒకవైపే అంటిస్తే అట్ట అటే వంగిపోతుంది. రెండోవైపునీ చూసుకోవాలి" అనేవారు. మూతకి సరిపడా ముక్క ఒక్కటే మిగిలింది. "ఇది నువ్వే చెయ్యి. నేను చూస్తూ కూర్చుంటా" అన్నారు.

అది పాడైతే అమ్మ చీర ఇక లేదు. ఆవకాయలు అవ్వనివ్వండి, వానలు తగ్గనివ్వండి అంటూ దాటేశాను. సాయంత్రం కనిపిస్తే "మూతెప్పుడే?" అనేవారు. "వచ్చేవారం అండీ" అనేదాన్ని. మా ఇద్దరికీ అదే పలకరింపైపోయింది.

ఆ మాట అడిగే మనిషి లేకపోయాక, నిన్న మధ్యాహ్నం మైదా ఉడికించి మూత ముందేసుకుని కూర్చున్నాను. అట్టకి పల్చగా పూసి, ఆగి, గుడ్డ పరిచాను. మచ్చ పడలేదు. ఒక మూల మాత్రం మడత లేస్తుంటే బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకోవాలో నాకు తెలియదు. "ఇక చాల్లే, తియ్యి" అని ఆవిడే అనేవారు.

మూల అంటుకున్నట్టే ఉంది. అయినా వేలు తియ్యకుండా అలాగే కూర్చున్నాను, గిన్నెలో మిగిలిన జిగురు మీద మీగడలా పొర కట్టేదాకా.