నలుగురి మల్గీలు

తడిసిన సున్నం వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నా తల దానంతటదే పైకప్పు వైపు లేస్తుంది. ఎక్కడ కురుస్తోందో అని. ఈ పాడు అలవాటు నాకు రాజవ్వ అంటించింది. ఆమె చల్లగా ఉండాలి ఎక్కడున్నా.

ఆసిఫాబాద్ బజారులో ఒక వరస మల్గీలుండేవి. ఆ దుకాణాలకు హిస్సాదార్లు నలుగురు. ముగ్గురు అన్నదమ్ములు కరీంనగర్‌లో ఉండేవారు. నాలుగో వాటా వాళ్ల చనిపోయిన తమ్ముడి భార్య రాజవ్వది. ఊళ్లో ఉన్నది ఆమె ఒక్కతే. కిరాయిలు వసూలు చేసి మరమ్మతులు చూసే పని నాకిచ్చిన రోజు, ముగ్గురూ సరేనన్నాక ఆమె ఒక షరతు పెట్టింది. పెట్టుకునేది నలుగురూ కలిసి గనుక, తీసేసేది కూడా నలుగురూ కలిసే కావాలట. ఇంకా పనిలో చేరనే లేదు, అప్పుడే తీసేసే మాటేమిటని నాకు ఒళ్లు మండింది.

ఆమె తనిఖీ వానలోనే. ఎండ కాసే రోజుల్లో అటు తొంగి చూసేది కాదు. ముసురు పట్టిందా, గొంగడి కప్పుకొని వచ్చి గోడలు తడిమేది. పిలిస్తే నేను పలుకుతున్నానా లేదా అని కిరాయిదార్లను నా ఎదుటే అడిగేది. మహా చిరాకేసేది నాకు.

ఒకనాడు అన్నదమ్ముల్లో పెద్దాయన కరీంనగర్ నుంచి దిగి, దర్జీ ఖాసిం భాయ్ దుకాణం ఖాళీ చేయించమన్నాడు. అల్లుడికి కావాలట. కిరాయి తప్పని మనిషిని ఎలా వెళ్లగొట్టేదని నేను నసిగితే, రేపటి నుంచి నువ్వే రావద్దన్నాడు. ఇంట్లో బాపు మంచం పట్టి ఉన్నాడు. నా జీతమే ఆధారం. సంగతి తెలిసి రాజవ్వ వచ్చింది.

"బావా, గా పిలగాడు మనందరి మనిషి. ఒక్కరు పొమ్మంటె పోడు," అంది నెమ్మదిగా.

మిగతా ఇద్దరూ ఆమె మాటే ఖాయం చేశారు. దర్జీ నిలిచాడు, నేనూ నిలిచాను. ఆ మేలు ఎలా తీర్చుకోవాలా అని కాచుకొని కూర్చున్నాను.

మరుసటి ఏడు చివరి మల్గీ ఖాళీ అయింది. అప్పటికే రాజవ్వ తమ్ముడు లక్సెట్టిపేటలో వ్యాపారం దెబ్బతిని, పిల్లలతో ఆమె పంచన చేరి ఉన్నాడు. ఇంకేం కావాలి! తాళంచెవి పట్టుకొని నేరుగా ఆమె ఇంటికి పోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"తక్కిన ముగ్గురిని అడిగినవా?"

లేదన్నాను.

"నా కోసం తప్పినోడివి, రేపు ఇంకొకని కోసం గూడ తప్పుతవు. ఆనాడు నీ దిక్కు మాట్లాడింది గిందుకేనా, కొడుకా?"

లోపలి గదిలో తమ్ముడు వింటూనే ఉన్నాడు. ఆ మల్గీ అతనికి దక్కలేదు. ముందే అడిగిపెట్టుకున్న గాజుల వ్యాపారికి నలుగురూ కలిసి ఇచ్చారు. తమ్ముడు పిల్లలతో ఉట్నూర్ వెళ్లిపోయాడు, చాలాకాలం అక్కతో మాట్లాడలేదు. ఆ బాధ ఆమె ఎంత మోసిందో నాకు తెలుసు. నన్ను మాత్రం మళ్లీ ఒక్క మాట అనలేదు, తాళంచెవి తెచ్చిన ఆ రోజు కూడా అన్నం పెట్టి మరీ పంపింది.

తర్వాత ఎందరి ఉమ్మడి ఆస్తులో చూశాను. నమ్మకస్తుడినని పేరొచ్చింది. అది ఆమె పెట్టిన భిక్షే. నాకు మేలు చేసినవాళ్ల కోసం కాస్త పక్కకు జరగాలనిపించినప్పుడల్లా, చాపని ఆ చెయ్యి కళ్ల ముందు నిలుస్తుంది.